కప్పకారు మూత

శివప్పకు తోడల్లుడు కేశవప్ప అంటే గిట్టదు. గిట్టకపోవడానికి కేశవప్ప చేసిన తప్పేమైనా ఉందా అంటే లేదు. శివప్పకు అదే పెద్ద కష్టం. తప్పు చేసినవాడి మీద కోపమైతే నలుగురిలో చెప్పుకుని తేలికపడవచ్చు. ఏ తప్పూ చేయనివాడి మీద పదేళ్లుగా కడుపుమంట పెట్టుకున్న మనిషి ఎవరికి చెప్పుకుంటాడు? చెప్పినా వినేవాళ్లు నవ్విపోతారు.

ఇద్దరిదీ కెలమంగలం పక్కన ఒకటే పల్లె. ఇద్దరూ అక్కచెల్లెళ్లను చేసుకున్నారు. పెద్దది మునిలక్ష్మమ్మ శివప్పకు, చిన్నది కాళమ్మ కేశవప్పకు. ఇద్దరిదీ పట్టుపురుగుల పెంపకమే. అందులో శివప్పను మించినవాడు ఆ చుట్టుపక్కల లేడు. పురుగుల గదిలోకి ఎవరైనా రావాలంటే సున్నపు నీళ్లలో కాళ్లూ చేతులూ కడుక్కోవాలి. బీడీ తాగినవాడు గడప తొక్కడానికి లేదు. ఇంట్లో మిరపకాయ వేయించే రోజు గది తలుపుకు తడిగుడ్డ కట్టేవాడు. నాలుగోసారి కుబుసం విడిచే నిద్ర, అంటే నాలుగో జ్వరం లేచి పురుగులు పెద్ద మేతకు వచ్చాయంటే తలుపుకు వేపమండ వేలాడదీస్తాడు. ఆ మండ ఉన్నన్నాళ్లు మామగారైనా సరే బయటే నిలబడాలి. పెద్ద పురుగులు ఆకు తినేటప్పుడు గదిలో సన్నటి వాన పడుతున్నట్టు చప్పుడు వస్తుంది. శివప్పకు ఆ చప్పుడంటే ప్రాణం. పెళ్లయిన కొత్తలో కేశవప్ప ఈ పనంతా అతని దగ్గరే నేర్చుకున్నాడు. ఆ రోజుల్లో శివప్పకు తోడల్లుడంటే ముద్దే.

డెబ్బై ఒకటిలో కారు వచ్చింది.

డెంకణికోట దారిలో గులాబీ తోట వేసుకున్న ఇంగ్లీషు దొర ఒకడు తోట అమ్ముకుని సొంత దేశానికి పోతూ సామాన్లు వేలం పెట్టాడు. కేశవప్ప పోయింది మందు కొట్టే పంపు కోసం. పంపును ఇంకెవరో పాడుకుపోయారు. చివరికి షెడ్డులో ఒక ఎర్ర కారు మిగిలింది. ముందర ఎం.జి. అని అక్షరాలు ఉన్నాయి. ఇద్దరే కూర్చునే కారు, మనిషి నడుమెత్తుకు మించదు, పైన కప్పు లేదు. ఇంజను పగిలిపోయిందని ఎవరూ పాడలేదు. కేశవప్ప ఊరికే ఒక మాట అన్నాడు, అది అతనికే పడిపోయింది. ఎడ్లను కట్టి ఇంటికి లాక్కొచ్చాడు.

ఆ రోజు శివప్పకు కలిగిన సంతోషం అంతా ఇంతా కాదు. "మా తోడల్లుడు దొర కారుకు ఎడ్లను కట్టినాడప్పా" అని కెలమంగలం బస్టాండు దాకా పోయి చెప్పి వచ్చాడు. నున్నగా, వెడల్పు నోటితో, నేలనంటుకుని ఉందని ఊరి పిల్లలు దానికి కప్పకారు అని పేరు పెట్టారు. ఆ నవ్వు రెండేళ్లు నిలిచింది.

మూడో ఏడు కేశవప్ప దాన్ని హోసూరులో రేకు పని చేసే మాదప్ప షెడ్డుకు చేర్చాడు. మాదప్ప బానెట్టు ఎత్తి చాలాసేపు చూశాడు. "ఈ దొర కారు ఇంజనూ, మన అంబాసిడర్ ఇంజనూ ఒక తల్లి బిడ్డలేనప్పా. దాన్ని తెచ్చి దీంట్లో కూర్చోబెడితే చక్కగా కూర్చుంటుంది" అన్నాడు. గుద్దుకుపోయిన టాక్సీ ఒకటి దొరికింది, దాని ఇంజను ఇందులోకి వచ్చింది. తరువాత వెనకవైపు డిక్కీ మూత ఊడదీసి, దాని చుట్టూ ఉన్న రేకు కోసేసి, అక్కడ వెదురు తడికెలతో పెద్ద పెట్టె కట్టారు. అందులో పట్టుగూళ్లు పోసి తోలితే గాలి లోపలినుంచి దూసుకుపోతుంది. చూసినవాళ్లంతా ముక్కున వేలేసుకున్నారు. దొర చూస్తే ఏడ్చేవాడేమో.

నవ్వడానికి శివప్ప నోరు తెరిచాడు. మొదటి సంత రోజే అది మూతపడింది.

పట్టుగూళ్లకు వేడి తగలకూడదు. శివప్ప తన గూళ్లను గోనెల్లో పోసి బస్సు టాపు మీద వేసుకుని హోసూరు పోయేవాడు. అక్కడికి చేరేసరికి గోనెల్లో గూళ్లు చెమటపట్టి మరకలు పడేవి. కేశవప్ప గూళ్లు తడికెల పెట్టెలో గాలి పోసుకుంటూ, అందరికంటే ముందు, పొడిపొడిగా దిగేవి. పట్టు తీసేవాళ్లు తట్టలో చెయ్యి పెట్టి చూసి కేశవప్ప గూళ్లకే ఎక్కువ ధర పాడేవాళ్లు. పెంపకంలో గురువు శివప్ప, ధర శిష్యుడికి. ఇది ఎవరికి మాత్రం నచ్చుతుంది?

పైగా కేశవప్ప ప్రతి పంటకూ వచ్చి అడిగేవాడు. "అన్నా, నీ గూళ్లు కూడా వేసుకో. పెట్టెలో చోటుండాది."

"నా గూళ్లు బస్సులోనే బాగుంటాయి" అనేవాడు శివప్ప. అలా తొమ్మిదేళ్లు అన్నాడు. ఆ మొండితనానికి ఎన్ని గూళ్లు మరకలు పడ్డాయో మునిలక్ష్మమ్మకు తెలుసు.

అత్తగారు కెంచమ్మ ఒకప్పుడు పండక్కి పెద్దల్లుడు వచ్చేదాకా విస్తరాకు వేసేది కాదు. ఇప్పుడు కళ్లకు చెయ్యి అడ్డం పెట్టుకుని వీధిలోకి చూస్తూ "కేశవప్ప కారు వస్తా ఉండాదా చూడండమ్మా" అంటోంది. పక్కనే బస్సు దిగి నడిచొచ్చిన పెద్దల్లుడు నిలబడి ఉండగానే అంటోంది.

ఇవన్నీ ఓర్చుకోవచ్చు. ఓర్చుకోలేనిది ఇంకొకటి ఉంది. డెబ్బై ఆరులో మామగారిని కృష్ణగిరి ఆసుపత్రిలో చేర్చారని కబురు వచ్చింది. బస్సుకు వేళ కాదు. తప్పనిసరై శివప్ప ఆ కారు ఎక్కాడు. కృష్ణగిరి రోడ్డులో గాలి మొహాన కొట్టింది, రెండు పక్కలా కొండలు వెనక్కి పరిగెత్తాయి, కాళ్లకింద రోడ్డు చేతికి అందేంత దగ్గరగా పోతోంది. మామగారికి ఏమైందోనని దిగులుపడాల్సిన మనిషి నోరు తెరుచుకుని నవ్వుతూ కూర్చున్నాడు. వచ్చేటప్పుడు కేశవప్ప ఎంత పిలిచినా వినకుండా బస్సు ఎక్కేశాడు. ఆ కారు అంత బాగుంటుందని తెలియకపోయి ఉంటే అతని బతుకు సుఖంగా గడిచిపోయేది.

ఇక్కడ ఒక రహస్యం చెప్పాలి. కారు వెనక భాగం కోసిన వారానికి శివప్ప చిల్లుపడిన గంగాళానికి మాటు వేయించుకోవాలని మాదప్ప షెడ్డుకు పోయాడు. గోడకు ఆ డిక్కీ మూత ఆనించి ఉంది. అల్యూమినియం రేకు, నడుమ ఒక వంపు, వంపు మీద ఎర్రరంగు. ఒక మూట అనపకాయలు ఇచ్చి దాన్ని తెచ్చుకున్నాడు. ఎందుకని మునిలక్ష్మమ్మ అడిగితే "మిరపకాయలు ఎండబెట్టుకో" అన్నాడు. ఆమె ఎండబెట్టుకుంది. మిరపకాయలు, వడియాలు, చింతపండు, తొమ్మిది వేసవులు దాని మీదే ఎండాయి. కేశవప్ప ఇంటికి వస్తే మాత్రం శివప్ప దాన్ని బోర్లా తిప్పి పైన గోనె కప్పేవాడు. ఆ కారులో ఏదో ఒక ముక్క తనది కావాలని తెచ్చుకున్నాడు. ఆ మాట తనకు తాను కూడా పైకి చెప్పుకోలేదు.

ఎనభై రెండులో, వానలు పడుతున్న నెలలో కాళమ్మ అక్క దగ్గరికి వచ్చి కబురు చెప్పింది. హోసూరు ఫ్యాక్టరీలో రంగనాయకులు అని కోస్తా నుంచి వచ్చిన ఇంజనీరు ఉన్నాడు. పాత ఇంగ్లీషు కార్లంటే పిచ్చి. కప్పకారును చూసి మనసు పడ్డాడు. పెట్టె పీకేసి మళ్లీ మునుపటిలాగా చేయించుకుంటాడట.

"అంతా ఒప్పుకున్నాడక్కా. వెనక మూత ఒకటి దొరికితేనే కొంటాడంట, లేకపోతే వద్దంట. రేపు పొద్దున మాదప్ప దగ్గరికి పోయి అడుగుతారంట. ఆ డబ్బు వస్తే మా చేలో బోరు వేస్తారు."

పక్క గదిలో ఆకు తరుగుతున్న శివప్ప చెయ్యి ఆగింది. బోరు పడితే కేశవప్పకు ఏడాది పొడుగునా మల్బరీ ఉంటుంది. తన బావి మాఘంలోనే అడుగంటుతుంది. కారు ఉన్నా వాడిదే పైచెయ్యి, కారు పోయినా వాడిదే పైచెయ్యి. మాదప్పను అడిగితే మూత ఎవరు తీసుకుపోయారో చెప్పేస్తాడు. అక్కడినుంచి నేరుగా ఇక్కడికే వస్తారు.

దాచడానికి ఇంట్లో ఒకే చోటు ఉంది. పురుగులు నాలుగో జ్వరం లేచి మూడు రోజులైంది, తలుపుకు వేపమండ వేలాడుతోంది. పురుగులు పెంచేవాడు ఎవడూ ఆ మండ దాటి లోపలికి తొంగిచూడడు. కేశవప్ప అసలే చూడడు.

కానీ తొమ్మిదేళ్ల మిరపఘాటు ఉన్న రేకును పురుగుల మధ్య పెట్టకూడదు కదా. అంత కడుపుమంటలోనూ శివప్ప పెంపకం మరిచిపోలేదు. సబ్బు వేసి రుద్దాడు. లోపలివైపు నల్లటి జిడ్డు ఒకటి వదల్లేదు. గుడ్డ మీద కిరసనాయిలు పోసి తుడిచాడు. వదిలింది. మళ్లీ సబ్బుతో కడిగి, మబ్బు తొలగిన కాస్త ఎండలో పెట్టి, ముక్కు దగ్గర పెట్టుకుని చూశాడు. వాసన లేదనే అనుకున్నాడు. అంచుల్లో రేకు లోపలికి మడిచి ఉంది, ఆ మడతలోకి దిగిన కిరసనాయిలు అతని కంటికీ ముక్కుకూ అందలేదు. ఎర్రరంగు ఎంత బాగా తేలిందో చూస్తూ ఉండిపోయాడు, అంతే. తరువాత తట్టల వరసల వెనక గోడకు ఆనించాడు. వాన చలికి గదిలో బొగ్గుల కుంపటి వెలుగుతూనే ఉంది.

మర్నాడు పొద్దున పది గంటలకు కప్పకారు వచ్చి ఆగింది, కేశవప్ప, రంగనాయకులు దిగారు. శివప్ప పురుగుల గది తలుపుకు వీపు ఆనించి తిన్నె మీద కూర్చున్నాడు. లోపల వాన జోరుగా కురుస్తోంది, అంటే పురుగులు బాగా మేస్తున్నాయి.

"అన్నా, ఆ డిక్కీ మూత నువ్వే తీసుకుపోయినావని మాదప్ప చెప్పినాడు" అన్నాడు కేశవప్ప.

"తెచ్చినాను. రెండేండ్లు తొట్టి మీద వేసినాను. తర్వాత పాత సామాన్లవాడికి ఇచ్చేసినాను." అబద్ధం నున్నగా వచ్చింది.

మజ్జిగ తెచ్చిన మునిలక్ష్మమ్మ మొగుడి మొహం చూసి, గ్లాసులు పెట్టి లోపలికి పోయింది. రంగనాయకులు మొహం వాడిపోయింది.

"అయ్యో. మిగతా రేకు ఎవరైనా కొట్టిస్తారండీ. ఆ మూత వంపు మాత్రం మనవాళ్ల సుత్తికి రాదు. కొత్తది తెప్పించుకుందామంటే ఈ రోజుల్లో అయ్యే పని కాదు. శనివారం దాకా చూస్తాను, ఎక్కడైనా దొరికితే కబురు చేయండి."

కేశవప్ప గాలి పీల్చి తల ఎత్తాడు. "అన్నా, ఈడ కిరసనాయిలు వాసన వస్తా ఉండాది. గది దగ్గరే. ఒకసారి చూసుకో."

శివప్ప ఒళ్లు మండిపోయింది. నిన్నమొన్న తన దగ్గర ఆకు తరగడం నేర్చుకున్నవాడు తనకు పురుగుల సంగతి చెప్తున్నాడు.

"పురుగులు పెంచేది నాకు నువ్వు నేర్పించల్లనా?"

"నీకు తెలియందేముంది అన్నా. ఊరికే అంటిని" అని కేశవప్ప తగ్గిపోయాడు.

రంగనాయకులుకు లేవాలని లేదు. కారు చేతికి రాకపోయినా దాని కథైనా వినాలని ఉంది. ఇంజను ఏ నెలలో మార్చారండీ, దొర పోయేనాటికి సీట్లు ఏ రంగులో ఉండేవండీ అని అడిగాడు. కేశవప్ప బుర్ర గోక్కున్నాడు. శివప్ప నోరు ఊరుకోలేదు. సీట్లు నల్లతోలువని, ఎడమ సీటు అంచున కుక్క కొరికిన గుర్తు ఉండేదని, టాక్సీ ఇంజను వచ్చింది ఉగాది ముందు శుక్రవారమని, మొదటిసారి స్టార్టు చేస్తే షెడ్డు కప్పు మీది పావురాలు లేచిపోయాయని చెప్పాడు. కారుగలవాడు పక్కన కూర్చుని ఆశ్చర్యంగా వింటున్నాడు.

చెప్తూ చెప్తూ ఉండగా శివప్పకు వీపు వెనక వాన సన్నగిల్లినట్టు అనిపించింది.

మాట ఆపి విన్నాడు. నిజమే. ఆకు వేసి అరగంట కాలేదు, ఇంత తొందరగా మేత తగ్గకూడదు. కేశవప్ప చెప్పిన వాసన ఇప్పుడు అతని ముక్కుకూ తగిలింది. కుంపటి వేడికి మడతలోది బయటికి వస్తోంది. అంతా ఒక్క క్షణంలో అర్థమైంది.

లేచి తలుపు తీసి ఆ మూతను తెచ్చి వీళ్ల ముందర పెడితే పంట దక్కుతుంది. దాంతోపాటు కేశవప్పకు బోరు పడుతుంది. తన అబద్ధం ఊరంతా తెలుస్తుంది. కూర్చుంటే పురుగులు పోతాయి, బోరు కూడా పోతుంది. ఇందులో ఆలోచించాల్సింది ఏముంది అని ఎవరైనా అంటారు. శివప్ప కూర్చున్నాడు. చెప్పడానికి నాకే సిగ్గుగా ఉంది గానీ, కూర్చున్నాడు. రంగనాయకులు ఇంకో గ్లాసు మజ్జిగ తాగాడు, దొర కారును మద్రాసు దగ్గర పందేలకు తోలేవాడట అన్నాడు. శివప్ప తల ఊపాడు. లోపల వాన చినుకులైంది, చినుకులు ఒక్కొక్కటిగా ఆగిపోయాయి.

వాళ్లు లేచి, కారు వీధి మలుపు తిరిగాక తలుపు తీశాడు. గోడ పక్క వరసల్లో పురుగులు తలలెత్తి అటూ ఇటూ ఊపుతున్నాయి. కొన్ని పచ్చటి నీళ్లు కక్కి వాలిపోయాయి. ఆకు ఆకులాగే ఉంది. శివప్ప ఆ మూతను ఎత్తి వాకిట్లోకి విసిరేశాడు.

మునిలక్ష్మమ్మ వెనకే వచ్చి చూసింది. ఏడవలేదు. "సగమన్నా బతికి ఉండాయి. వీటిని ఈ గదిలోంచి మార్చల్ల. చెల్లెలి ఇంట్లో పంట దిగింది, గది కడిగి ఖాళీగా పెట్టుకున్నారు. కేశవప్పను పిలుచుకొస్తాను."

"వాడి దగ్గరికి పోవద్దు."

"నువ్వు ఈడే కూర్చో. కూర్చునేది నీకు బాగా వచ్చు" అని ఆమె చెంగు దోపుకుని వెళ్లిపోయింది.

ఇంజనీరును బస్టాండులో దించేసి వస్తున్న కేశవప్పకు మునిలక్ష్మమ్మ దారిలోనే ఎదురుపడి చెప్పింది, అతను అటునుంచి అటే వచ్చాడు. కారును వెనక్కి తిప్పి వాకిట్లో పెట్టాడు. నడిమధ్యన డిక్కీ మూత వెల్లకిలా పడి ఉంది. వానకు తడిసిన ఎర్రరంగు మెరుస్తోంది. కేశవప్ప దాన్ని చూశాడు. తరువాత దాని పక్కనుంచి నడిచి, సున్నపు నీళ్లలో కాళ్లూ చేతులూ కడుక్కుని, గదిలోకి వచ్చాడు.

"ఈ పక్క తట్టలు ముందు అందియ్యి అన్నా" అన్నాడు.

మూడు సార్లు తిరిగారు. తట్టలు తడికెల పెట్టెలో పేర్చి, పైన తడిగుడ్డ కప్పారు. ఒళ్లో ఒక తట్ట పెట్టుకుని శివప్ప ఆ ఎడమ సీట్లోనే కూర్చోవాల్సి వచ్చింది. పురుగులకు గాలి తగలకూడదని కేశవప్ప మనిషి నడిచినంత నిదానంగా తోలాడు. తొమ్మిదేళ్లు ఎక్కనన్న పెట్టెలోకి శివప్ప పంట అలా ఎక్కింది.

బతికిన పురుగులు కేశవప్ప ఇంట్లో, కేశవప్ప చంద్రికలనే వెదురు తడికెల మీద గూళ్లు అల్లుకున్నాయి. మూడో వంతు పంట దక్కింది. శివప్ప రోజూ పొద్దునే అక్కడికి పోయి ఆకు వేసి వచ్చేవాడు. ఈ రోజు అడుగుతాడు, ఇప్పుడు అడుగుతాడు అనుకునేవాడు. అడిగితే ఏం చెప్పాలో, తిడితే ఎలా తిరిగి తిట్టాలో అంతా సిద్ధం చేసుకున్నాడు. కేశవప్ప ఆకు సంగతి మాట్లాడాడు, వాన సంగతి మాట్లాడాడు. మూత మాట ఎత్తలేదు.

శనివారం పొద్దున శివప్ప ఆ మూతను నెత్తిన పెట్టుకుని నడివీధిలో నడిచాడు. పాలు పోసేవాళ్లు, కుళాయి దగ్గర ఆడవాళ్లు, అంతా చూశారు. కేశవప్ప వాకిట్లో దించి "ఇదో" అన్నాడు. రంగనాయకులు అప్పటికే సెలవు చెప్పిపోదామని వచ్చి ఉన్నాడు. చిన్నపిల్లవాడిలా దాని మీద చెయ్యి వేసి నిమిరాడు.

కేశవప్ప మూతను చూసి, శివప్పను చూశాడు. "ఎంత బాగా పెట్టుకున్నావు అన్నా, రంగు కూడా పోలేదు" అన్నాడు. ఇంజనీరు వైపు తిరిగి, "బండి సంగతి ఇంకేమన్నా కావాలంటే మా అన్ననే అడగండి సార్. నాకంటే ఆయనకే బాగా తెలుసు" అన్నాడు. అందులో వెటకారం ఉందేమోనని శివప్ప ఎంత వెతికినా దొరకలేదు.

మధ్యాహ్నానికి కప్పకారు వెనక పెట్టెలో తన మూతను తానే మోసుకుంటూ హోసూరు రోడ్డు ఎక్కి వెళ్లిపోయింది. శివప్ప ఇంటికి వచ్చి తిన్నె మీద కూర్చున్నాడు. వీపు వెనక గది ఖాళీగా, చప్పుడు లేకుండా ఉంది.

"ఏమన్నాడు?" అంది మునిలక్ష్మమ్మ.

"ఏమీ అనలేదు."

"మంచిదే కదా."

శివప్ప వీధి వైపు చెయ్యి చూపించాడు. "కారు వాడికే వచ్చింది, బోరూ వాడికే పడుతుంది. పడనీ" అన్నాడు. "ఒక్క మాట తిట్టుంటే నేనూ మనిషిని అనుకుందును. ఏమీ అనకుండా ఉండేది కూడా వాడికేనా వచ్చేది?"